కొనని కంప్యూటర్ వేగం

కళ్యాణదుర్గం మొత్తానికి అన్నిటికంటే వేగంగా నడిచే గేమింగ్ కంప్యూటర్ ఎవరింట్లో ఉందో తెలుసా? మా ఇంట్లో! అది హ్యాంగ్ కాదు. వైరస్ పట్టదు. కరెంటు పోయినా ఆగదు. ఎందుకంటే దాన్ని మేం ఇంకా కొనలేదు.

నవ్వకండి. యాభై వేల బడ్జెట్ పెట్టుకొని గేమింగ్ కంప్యూటర్‌కు పార్టులు ఎంచుకోవడం కంటే సంసారులకు మేలు చేసే పని ఈ లోకంలో లేదని నిరూపించడానికే ఇవాళ కలం పట్టాను. కొనడానికి ఏముంది, ఒక పూట చాలు. ఎంచుకోవడానికి మాకు పది నెలలు పట్టింది. ఇంకా పట్టేటట్టే ఉంది!

నాది శెనక్కాయల వ్యాపారం. మండీలో ముప్పై ఏళ్లుగా ఉన్నాను. మా అమ్మాయి చాందిని డిగ్రీ రెండో సంవత్సరం. తనూ, స్నేహితురాలు రూతూ, ఇంకో ముగ్గురూ కలిసి కంప్యూటర్లో తుపాకులు కాల్చుకునే ఆటకు ఒక టీమ్ కట్టారు. ఉగాది పోయాక కాలేజీల మధ్య పోటీ. మా పిల్ల సాధన చేసేది మా అంగడిలో బిల్లులు కొట్టే పాత కంప్యూటర్ మీద. దాంట్లో గురి పెట్టేలోగా చచ్చిపోతుంది, ఎవరు చంపారో తెరమీద కనబడేలోగా మళ్లీ చచ్చిపోతుంది.

రూతు మొహమాటం లేని పిల్ల. "ఏమనుకోవద్దు మే. ఉగాది లోపల మంచి కంప్యూటర్ రాకుంటే నీ జాగాలో ఇంకొకరిని తీసుకుంటాం" అని ముఖం మీదే చెప్పేసింది. చాందిని కళ్లనీళ్లు పెట్టుకొని నా దగ్గరికొచ్చింది. నేను వెంటనే మాటిచ్చేశాను. మాటివ్వడానికి బడ్జెట్ అక్కర్లేదు కదా!

అక్కడినుంచి మా ఇంట్లో చదువు మొదలైంది. ప్రాసెసర్ పెద్దది తీసుకుంటే గ్రాఫిక్స్ కార్డుకు చాలదు. కార్డు పెద్దదైతే ర్యామ్‌కు చాలదు. తలకు కప్పితే కాళ్లకు చాలని దుప్పటి వ్యవహారం. యూట్యూబ్‌లో ఒక పిల్లోడు ఇదే కొనమంటాడు, వారం తిరక్కుండా ఇప్పుడు కొనొద్దంటాడు. కొనొద్దన్నప్పుడల్లా ఆ పిల్లోడి మీద నాకెంత అభిమానమో! లైక్ కొట్టి మరీ చూసేవాణ్ని.

"నన్ను చూసుకునేకి వచ్చినప్పుడు కూడా మీరింత ఎంక్వయిరీ చేయలేదే" అంది మా ఆవిడ సునంద. నిజమే. అప్పుడు బడ్జెట్ మా నాయన చూసుకున్నాడు.

శ్రావణమాసంలో మంచిరోజు చూసుకొని అనంతపురం పోయాం. కంప్యూటర్ల అంగడి నాగేశ్వర మా పిల్ల రాసిన లిస్టు ప్రకారం పార్టులన్నీ బల్లమీద పెట్టాడు. మొత్తం యాభై మూడు వేలన్నాడు. మండీలో మేం కాయల్ని గుప్పెడు తీసి, చెవి దగ్గర ఆడించి, ఒకటి వలిచి నమిలి గానీ రేటు మాట్లాడం. ర్యామ్‌ను చెవి దగ్గర ఆడించాను. చప్పుడు రాలేదు. నోటి దగ్గరికి తీసుకుపోతుంటే చాందిని నా చెయ్యి పట్టుకుంది.

"ఈ ఫ్యాన్లు మూడెందుకప్పా? మా ఇంట్లో సీలింగ్ ఫ్యాను ఉండాది కదా!" అన్నాను.

నాగేశ్వర సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగాడు.

"సరే, లాస్ట్ రేటు చెప్పప్పా."

"అదే లాస్ట్ అన్నా."

లేచాను. మండీలో పద్ధతి అది. బేరం కుదరకపోతే లేచి నడవాలి. నిదానంగా నడవాలి. మెట్లు దిగేలోగా "రాన్నా, కూర్చో, యాడికి పోతావు" అని పిలుపు రావాలి. ముప్పై ఏళ్లలో నన్ను పిలవని మొనగాడు లేడు.

"నాయనా, ఆయప్ప పిలవలే" అంది చాందిని మెట్లు దిగాక.

"పిలుస్తాడు. తిరిగి చూడాకు, నడువు."

సోడా బండి దగ్గర ఆగి చెరొక సోడా తాగాం. నిదానంగానే తాగాం. బస్టాండు వచ్చింది, కళ్యాణదుర్గం బస్సూ వచ్చింది. నాగేశ్వర రాలేదు. తేడా మూడు వేలే, వెనక్కి పోయి ఇచ్చెయ్యొచ్చు. కానీ లేచినవాడు తనంతట తానే వెనక్కి పోతే రేపు మండీలో వాణ్ని ఎవరు లెక్కచేస్తారు? మా పిల్ల దారి పొడుగునా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక ధైర్యం చెప్పాను. "కొత్త పంట దిగితే రేటు పడుతుందమ్మా" అన్నాను. శెనక్కాయలకు పంట ఉంటే ర్యామ్‌కు మాత్రం ఉండదా? దీపావళి దాకా ఆగాం. ఏఐ కంపెనీల వాళ్లు లోకంలో ఉన్న ర్యామ్ అంతా ఎత్తుకుపోతున్నారట, ధర మూడింతలైంది! మూడు వేలు మిగుల్చుకున్నాను, పది వేలు పెరిగింది. దీన్ని నష్టమంటారా? తప్పు! కొని ఉంటే మా పిల్ల ఆడుకుంటూ కూర్చునేది. కొనలేదు కాబట్టి ఊరికి పనికొచ్చే పండితురాలైంది. ఫోటో స్టూడియో కుళ్ళాయప్ప మా పిల్ల లిస్టే పట్టుకుపోయి, నాగేశ్వర చెప్పిన రేటిచ్చి, కంప్యూటర్ తెచ్చుకున్నాడు. బిగించి ఇచ్చింది కూడా మా పిల్లే.

ఇంతకీ అసలు సంగతి ఒకటుంది, చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. రేటు తగ్గుతుందని నేను ఆగలేదండీ. అడిగి అడిగి విసిగి పిల్లే మానేస్తుందని ఆగాను. మానేసింది. పండగ చేసుకోవాల్సింది నేను. చేసుకోలేకపోయాను.

మొన్న ఆదివారం నేనే అడిగాను. "పా చాందినీ, అనంతపురం పోదాం. ఈసారి బేరం ఆడను."

"వద్దులే నాయనా. కుళ్ళాయప్ప మామ స్టూడియోలో ఆడుకుంటాండా. రూతు కూడా సరే అనింది" అని లేచింది.

వాకిలి వైపు నడిచింది. నిదానంగా నడిచింది. గడప దగ్గర ఆగి, ఒక చెప్పు తొడుక్కుంది. రెండో చెప్పు కాలితో వెతికింది, అది కళ్లెదుటే ఉంది. ఆ నడక నాకు తెలుసు! ముప్పై ఏళ్లుగా నేను నడిచిన నడక. ముందు పిలిచినవాడిదే ఓటమి, అదీ నాకు తెలుసు.

"రామ్మా, కూర్చో, యాడికి పోతావు!" అని అరిచాను.

వెనక్కొచ్చి కూర్చుంది. కొత్త లిస్టు అప్పటికే తన జేబులో ఉంది. ర్యామ్ ఇప్పటి రేటుకు, ఫ్యాన్లు మూడు, పైగా నడుము నొప్పి రాకుండా ఒక కుర్చీ.

"లాస్ట్ రేటు చెప్పు పాపా" అన్నాను.

"అదే లాస్ట్ నాయనా."