పతకం నాడు మాయమైన పొట్టేలు

“ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు. నాకు చిక్కినోళ్ళు, చిక్కబోయేటోళ్ళు!” అని మా నరసింహ చిన్నాయన తరచుగా ప్రకటిస్తుండేవాడు. అప్పటిదాకా ఆయనకు చిక్కింది ఒక్క పిల్లి. అదీ మా పిల్లే. పాలు తాగింది మాత్రం అది కాదు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో పత్తికొండ పక్కనున్న మా ఊరికి గొప్ప కబురు వచ్చింది. మా మేనత్త హనుమంతమ్మ భర్త శేషన్న మామ, బావిలో పడిన తమ పొట్టేలు గుండోణ్ణి, నడుముకు మోకు కట్టుకుని దిగి పైకి తెచ్చాడు. అది విని కర్నూలు జీవకారుణ్య సంఘంవాళ్ళు సాహస పతకం ఇస్తామన్నారు. సంఘం పెద్ద మునిరత్నం శెట్టిగారు స్వయంగా వచ్చి, పొట్టేలును కళ్ళారా చూసి, పతకం తగిలిస్తారట.

పెద్దమనిషి వస్తుంటే మర్యాద చెయ్యొద్దా? మామ బాగా ఆలోచించి, పతకం తగిలించగానే గుండోణ్ణే కోసి విందు పెట్టాలని నిర్ణయించాడు. ఇందులో తప్పేముందో ఊళ్ళో ఒక్క మగవాడికీ తట్టలేదు. తల్లి చచ్చిన ఆ గొర్రెపిల్లను పాలు పట్టి పెంచిన అత్త మాత్రం ఆ మాట విన్నప్పటినుంచి అన్నం ముట్టలేదు.

తీరా ఆ రోజు పొద్దున చూస్తే గుంజ ఉంది, పలుపు ఉంది, గుండోడు లేడు.

“యాడికి పోయింటాది నరసింహా? శెట్టిగారు వచ్చే యాళ అయితాండాది. పొట్టేలు లేకపోతే పతకం ఎవురిస్తారు?” అన్నాడు మామ.

చిన్నాయన మా తాత కళ్ళజోడు పెట్టుకుని గుంజ చుట్టూ తిరిగాడు. “ఇది మామూలు దొంగతనం గాదు బావా. దీని వెనకాల అంతర్జాతీయ ముఠా ఉండాది!”

“అంటే బళ్ళారోళ్ళా?”

“బళ్ళారికి అవతలోళ్ళు గూడా!”

తరువాత అత్తను విచారించాడు. “అక్కా, నీ తల నిండా వేరుశెనగ కట్టె పుల్లలు ఉండాయేమి?”

“ఆవుకు మేతేసొస్తాండా.”

చిన్నాయన నావైపు తిరిగాడు. “చూసినావా పాపా? నిర్దోషులు ఎంత చక్కగా జవాబు చెప్తారో!”

అత్తవాళ్ళకు ఆవు లేదు. నేను నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. అత్త నావైపు చూసిన చూపు అట్లాంటిది.

ఇంతలో పెరట్లో మేతకని పేర్చిన వేరుశెనగ కట్టె వామిలోంచి ‘మే’ అని వినిపించింది.

“ముఠావాళ్ళ రహస్య సంకేతం!” చిన్నాయన ఉలిక్కిపడ్డాడు. “ఎత్తు మీదనుంచి చూస్తే గాని దొరకరు.” వామి మీదికి పాకడం మొదలుపెట్టాడు.

“రేయ్, దిగురా! ఆడికి ఎక్కొద్దు!” అత్త అరిచింది.

“నా ప్రాణాలకు భయపడొద్దక్కా!”

పైన నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “ఓరీ అజ్ఞాత హంతకా! నువ్వు పాతాళంలో దాగినా సరే...” అన్నాడు. అంతే, కనిపించకుండా పోయాడు.

జరిగింది ఇదీ. తెల్లవారకముందే అత్త వామి అడుగున గూడు తొలిచి గుండోణ్ణి దాచింది. గుండోడు ఆ గూటిని లోపలినుంచి తీరిగ్గా మేస్తూ వచ్చాడు. పైన మిగిలిన పలచటి పొర చిన్నాయన బరువుకు కూలి, ఆయన నేరుగా గూట్లో పడ్డాడు.

మరుక్షణం వామి పక్కన చీలింది. గుండోడు బాణంలా దూసుకొచ్చాడు. వాడి వీపు మీద వెనక్కి తిరిగి, తోక పట్టుకుని మా చిన్నాయన! సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆగిన బండి ముందు ఇద్దరూ ఆగారు.

“ఆహా!” బండి దిగిన శెట్టిగారికి కళ్ళు చెమర్చాయి. “కూలిపోతాండే వామిలోంచి మూగజీవాన్ని కాపాడినాడే! శేషన్నంటే నువ్వేనా అప్పా?” అంటూ పతకం తీసి చిన్నాయన చొక్కాకు తగిలించేశారు.

“సామీ, శేషన్నను నేను! బావిలో దిగింది నేను!” మామ ఏడుపు ఒక్కటే తక్కువ.

శెట్టిగారు తికమకగా చుట్టూ చూశారు. పొయ్యి మీద గుండిగ, నూరిన మసాలా, పదును పెట్టిన కత్తి కనిపించాయి.

“ఇదంతా ఏమప్పా?”

“తమకే సామీ. మర్యాదకు...”

“నేను ఉల్లిగడ్డ గూడా ముట్టను. దేన్ని వండుతాండారు?”

అందరి కళ్ళూ గుండోడి మీదికి తిరిగాయి. శెట్టిగారి మొహం మారింది. చిన్నాయన చొక్కాకున్న పతకాన్ని ఊడదీసి, మళ్ళీ పెట్టెలో పెట్టబోయారు.

అత్త గబగబా ముందుకొచ్చింది. “గుమ్మడికాయ సామీ! గుమ్మడికాయ పులుసు!” మామ వైపు తిరిగింది. “అంతే గదా? చెప్పు సామికి.”

మామ పతకాన్ని చూశాడు. గుండోణ్ణి చూశాడు. చివరికి పెళ్ళాం మొహం చూశాడు.

“అంతే సామీ. గుమ్మడికాయే.”

శెట్టిగారు తేలికపడి మామ రొమ్ముకు పతకం తగిలించారు. “ఈ జీవాన్ని చూసేదానికి ఏటేటా వస్తా” అన్నారు. అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

చిన్నాయన గడ్డం నుంచి పుల్లలు ఏరుకుంటూ నా చెవిలో చెప్పాడు. “కేసు ముగిసింది పాపా. నేను వస్తాండానని తెలిసి ముఠా గడగడా వణికి, సరుకు పారేసి పరారైనాది.”

మధ్యాహ్నం ఊరి మగవాళ్ళంతా గుమ్మడికాయ పులుసు ముందు తలలు వంచుకుని కూర్చున్నారు. రెండోసారి వడ్డించుకున్నది గుండోడొక్కడే.