మా ఇంటి పోతు బొప్పాయి

మీరు నవ్వనంటే చెబుతాను. సాలూరులో ఒక లారీ ఓనరు దగ్గర పాత కారు బేరమాడాను. గరివిడిలో మా పెరట్లో దాన్ని పెట్టడానికి ఒక్కటే చోటు. అక్కడేమో మా ఆవిడ చిన్నతల్లి పెంచిన బొప్పాయి చెట్టు నిలబడి ఉంది. దాన్ని కొట్టించడమే నా పథకం.

"ఇది పోతు సెట్టే! పువ్వులు సూడు, పొడుగాటి కాడలకి గుత్తులుగా ఏలాడతన్నాయి. ఆడసెట్టుకి మానుకే అంటుకుని పూస్తాయి. ఇది పుట్టుకతోనే మగది. సచ్చినా కాయదు" అన్నాను.

"పనికిరాని మగోళ్ళని నరికేస్తే ఊళ్ళో ఎవులు మిగుల్తారు మావా?" అంది.

గోడవతల పక్కింటి లక్ష్మణమ్మ కిసుక్కున నవ్వింది. నాకు రోషం వచ్చింది.

"సలి ఎళ్ళేదాకా ఆగు" అంది చిన్నతల్లి.

"ఆగుతాను. ఒక్క కాయ కాసినా కారు ఈదిలోనే పెట్టుకుంటాను!" లక్ష్మణమ్మ సాక్షిగా ఒట్టేశాను. సైన్సు నా పక్షాన ఉంది మరి.

జనవరిలో ఓ పొద్దున్న పళ్ళు తోముకుంటూ తలెత్తాను. బ్రష్షు నోట్లోంచి జారిపడింది. పొడుగాటి కాడ చివర కోడిగుడ్డంత కాయ!

కళ్ళు నులుముకుని చూశాను. రెండు కాయలయ్యాయి. రెండోది ఆకుచాటున ఉంది.

"మోసం! బజారు కాయ తెచ్చి దారంతో కట్టినావు!"

నా అరుపుకి సగం వీధి మా పెరట్లోకి వచ్చింది. గుట్టు రట్టు చేద్దామని స్టూలెక్కి కాయ పట్టుకు లాగాను. దారం లేదు. కాయ తెగింది. పాలు బొటబొటా నా ముక్కు మీద కారాయి.

ఇంతలో వ్యవసాయశాఖలో పనిచేసే గౌరి వచ్చింది. చిన్నతల్లే ఫోను చేసిందట.

"పుట్టుకతో మగదే సార్" అంది గౌరి. "సలి పడితే కొన్ని పోతు సెట్లకి మగపువ్వులోనే ఆడభాగం కూడా పెరిగి కాయ కడతాది."

స్టూలు దిగకుండానే చిన్నతల్లి వైపు తిరిగాను. "నీకు ముందే తెలుసా?"

"కార్తీకంలోనే గౌరి సెప్పింది. లేకపోతే సలిదాకా ఆగమంటానేటి?"

"మరి నాకు సెప్పనేదేటి?"

"నువ్వు అడిగితే గదా మావా! అన్నీ నువ్వే సెప్పినావు."

కారు వీధిన పడటం ఖాయమైంది. వెనకే నేనూ పడ్డాను. ముక్కు మీద పాలతో, చేతిలో కాయతో స్టూలు మీదున్న నన్ను గౌరి ఫోటో తీసి రైతుల గ్రూపులో పెట్టింది.

మధ్యాహ్నానికల్లా నౌపడ నుంచి చిన్నతల్లి అన్న జగన్నాధం ఫోను.

"ఏటి బావా, నువ్వు కాయ కాసినావంట?"