పాత బంతికి జరిగిన సన్మానం

కెన్యా దేశపు కిసుము పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఇకపై అన్న ఆడిన బొమ్మతో తమ్ముడు కూడా ఆడుకోవచ్చును. ప్లాస్టిక్ చెత్త తగ్గించే సంఘంవారు సరస్సు ఒడ్డు హోటల్లో కూర్చుని, భోజనాలు చేసి, మళ్ళీ కూర్చుని ఈ సంగతి కనిపెట్టారు. అంతవరకు న్యాలెండా పేదల వాడలో జనం ఈ పని ఎవరి అనుమతీ లేకుండానే చేసేస్తున్నారు.

ప్రతి సందు నుంచీ ఒక పాత బొమ్మ తేవాలన్నారు. ఎక్కువ చేతులు మారినదానికి బహుమతి. న్యాలెండాలో అపోండి అనే ఆవిడ ఉండే సందు చిక్కులో పడింది. పాత బొమ్మ ఉండాలంటే ఎప్పుడో ఒకప్పుడు కొత్త బొమ్మ కొని ఉండాలి కదా. అంత ముందుచూపు అక్కడ ఎవరికీ లేకపోయింది.

ఉన్నదల్లా ఒక బంతి. అపోండి పెద్దకొడుకు ఊకో, అంగడిలో ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ సంచులను ఉండ చుట్టి తాడుతో బిగించి చేశాడు. వాడి తర్వాత చెల్లెలు అవీనో, ఆ తర్వాత తమ్ముడు ఒబియేరో, ఇప్పుడు ఆఖరిది అడోయో. ప్రతివాళ్ళూ తమ వంతుకు పైన ఇంకో సంచి చుట్టారు. తర్వాత ప్రభుత్వం ఆ సంచులను నిషేధించింది. మంచి పనే, మురికికాలవలకు ఊపిరాడింది. బంతి మాత్రం అక్కడితో పెరగడం మానేసింది. సాయంత్రమైతే సందులోని పిల్లలందరికీ అదొక్కటే. అది కాలవలో పడి దొరకని రోజున పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తన్నుకున్నారు.

అపోండి రోడ్డు పక్కన చేప ముళ్ళు వేయించి అమ్ముతుంది. చేప కండను ఫ్యాక్టరీలో కోసి విమానం ఎక్కిస్తారు. తల, ముల్లు దేశభక్తితో ఇక్కడే ఉండిపోతాయి. వాడపెద్ద ఒబొంగో వచ్చి మూకుడు పక్కన నిలబడ్డాడు.

"అడోయో వాళ్ళమ్మా, బంతి ఇలా తే. మన సందు పరువు పోతోంది."

"మన సందుకు పరువుందని నాకెవరూ చెప్పలేదే పెద్దయ్యా."

"ఎకసెక్కాలొద్దు. సంఘంవాళ్ళు పేరు రాసుకుపోయారు."

"సాయంత్రానికి తిరిగిస్తారా?"

"ఇవ్వక? ఆ పెద్దమనుషులు తన్నుకుంటూ ఆడతారా ఏంటి?"

ఆ మాట నమ్మదగ్గదిగానే తోచింది. అడోయోను వెంటబెట్టుకుని, బంతిని కొంగులో చుట్టుకుని తనే వెళ్ళింది.

బడి మైదానంలో సభ. సంఘం సంచాలకులు ఒగుటుగారు బంతిని రెండు చేతులా పైకెత్తారు. "సోదరులారా, పిల్లలు మారారు, బంతి మారలేదు. నలుగురి పాదధూళి సోకిన ఈ బంతి నాకు గురువు." చప్పట్లు మోగాయి. గురువుగారి ఒంటి మీంచి ఒక సంచి చెవి వేలాడుతుండడం అప్పుడే నిషేధ విభాగం ఇన్‌స్పెక్టరమ్మ కంటపడింది.

"అది సంచి," అందావిడ.

"అది బంతి," అన్నారు సంచాలకులు.

చట్టం ప్రకారం రెండూ నిజమే. బహుమతి ఇవ్వవలసిన వస్తువూ, జప్తు చేయవలసిన వస్తువూ ఒకటే కావడం వల్ల పెద్దలు వేదిక వెనక చాలాసేపు చర్చించారు. నిషేధానికి ముందరి సంచులైతే సన్మానం, తర్వాతవైతే జరిమానా అని తేల్చారు. ఏవి ఎప్పటివో తెలియాలంటే విప్పి చూడాలి.

"విప్పితే అది బంతి కాదమ్మా," అంది అపోండి.

"నువ్వు నిజాయితీగలదానివైతే భయమెందుకు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ. నిజాయితీ నిరూపించుకోవడానికి అపోండి దగ్గర అది తప్ప వేరే బంతి లేదు.

పొర తర్వాత పొర విప్పారు. మూతపడిన దుకాణాల పేర్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అన్నీ నిషేధానికి ముందువే. ఇన్‌స్పెక్టరమ్మ మనస్ఫూర్తిగా అభినందించింది. అపోండికి జరిమానా లేదు. అయితే బల్ల మీద ఇప్పుడున్నది బొమ్మ కాదు, వట్టి సంచుల గుట్ట. గుట్టకు బహుమతి ఇచ్చే నిబంధన లేదు. నిషిద్ధ సంచులను, అనుమతి ఉన్న పెద్ద ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టారు. పట్టణంలో అంతమేర చెత్త తగ్గిందని మైకులో ప్రకటించారు.

బహుమతి డబ్బున్నవాళ్ళుండే మిలిమని పేట నుంచి వచ్చిన బ్యాటరీ బొమ్మకారుకు దక్కింది. ఆ ఇంటి పెద్దబ్బాయి వారం ఆడి, విసుగొచ్చి తమ్ముడికిచ్చాడు. ఇస్తుండగా తీసిన ఫోటో కూడా జతచేశారు.

అడోయో వేదిక ముందుకు నడిచింది. అపోండి చెయ్యి పట్టుకునేలోపే అడిగేసింది.

"సార్, సాయంత్రం దేంతో ఆడుకోవాలి?"

ఒగుటుగారు వంగి ఆ పిల్ల తల నిమిరారు. మైకు దగ్గరే ఉంది గనుక ఆయన దయ అందరికీ వినబడింది. "మీ అన్ననో అక్కనో అడుగమ్మా. పెద్దవాళ్ళు వాడినవే చిన్నవాళ్ళు వాడుకోవాలి. పొద్దుట్నించి చెప్తున్నది అదేగా."

ఇంత చక్కగా విడమరిచి చెప్పేవారు దొరకరని మైదానమంతా చప్పట్లు కొట్టింది. వాడపెద్ద కొట్టాడు. అందరూ తనవైపు చూస్తున్నారని అపోండి కూడా కొట్టింది. మీరు ఆ రోజు అక్కడ లేరు, అంతే. ఉంటే ఇంకాస్త గట్టిగా కొట్టేవారు.