తలుపు పక్క పలక

అబ్రహాము ఇంట్లో ఫోను పెట్టించాడు. భార్య లీలమ్మ కుట్టుపనికి గిరాకీ పెరుగుతుందని పటాన్‌చెరులోని ఆ గల్లీ మొత్తానికి చెప్పాడు. అసలు సంగతి మేడమీద కిరాయికి దిగిన సోమయ్య. మందుల ఫ్యాక్టరీలో ఆ మనిషిది రాత్రి డ్యూటీ, అంటే పగలంతా ఇంట్లోనే. పెళ్ళి కాలేదు, జుట్టూ ఊడలేదు. జుట్టు సంగతే అబ్రహాముకు ఎక్కువ మండేది.

పొద్దున పదింటికి ఆఫీసు నుంచి మొదటి ఫోను.

"ఏం జేస్తున్నవ్?"

"జాకెట్ కుడుతున్న."

"సోమయ్య ఏడున్నడు?"

"నాకేమెరుక? సూదిల దారమెక్కిస్తున్న, పెట్టేయ్."

అరగంటకోసారి అదే వరస.

ఆఫీసులో ఇంకో తలనొప్పి. అబ్రహాము చూసుకునే కంపెనీ డేటాబేస్ సర్వర్ నత్తనడక నడుస్తోంది. అందులో ఒకేసారి నడిచే పనులు, అంటే ప్రాసెస్‌లు, ముప్పై. ఎవరి పని ఎంతయిందన్న లెక్కలన్నీ ఒక్క ప్రాసెస్ దగ్గర. మిగతావన్నీ అరసెకనుకోసారి దాన్నే అడుగుతాయి. శనివారంలోగా దారి చూపకపోతే పని హైదరాబాద్ వాళ్ళకిస్తానని మేనేజరు జంగయ్య తేల్చేశాడు.

ఆ సాయంత్రం అన్నం తింటున్న మొగుడి ముందర లీలమ్మ కుట్టని జాకెట్ల కుప్ప పడేసింది.

"ఇయ్యాల పదిహేను ఫోన్లు. నీకు జవాబు చెప్పుడే సరిపాయె, ఇగ కుట్టుడెప్పుడు? రేపటి సంది తలుపు పక్క పలక పెడ్త. ఏ పని జేస్తే అది రాస్త. కావల్సినోళ్ళు చూసుకుంటరు, నన్నెవ్వరు అడిగేది లేదు."

అబ్రహాము నోటిదాకా వచ్చిన ముద్ద ఆగిపోయింది. సర్వర్ రోగానికి మందు దొరికింది.

మెమరీలో అందరికీ కనపడే ఒక్క చోటు పెట్టాడు. ఏ ప్రాసెస్ లెక్క అదే అక్కడ రాస్తుంది, కావలసినవి చూసుకుంటాయి. సర్వర్ పరుగందుకుంది, జంగయ్య భుజం తట్టాడు. ఇంటికి ఫోన్లు మాత్రం ఆగలేదు. కొత్త పద్ధతి సర్వర్‌కే గాని మొగుడికి కాదు.

శనివారం జిలేబీ పొట్లంతో వస్తే గల్లీ అంతా తలుపు ముందరే ఉంది. సోమయ్య పలక పైకి చదువుతున్నాడు.

"పది, జాకెట్ కుడుతున్న. పదిన్నర, మా ఆయన ఫోను, సోమయ్య ఏడున్నడని. పదకొండు, మళ్ళ ఫోను, సోమయ్య ఏడున్నడని..."

అబ్రహామును చూసి ఆగాడు. "అన్నా, గా టైంల నేను పండుకుంట. పరేషాన్ గాకు, నాది గూడ ఒక పలక పెడ్త."

అబ్రహాము జనాన్ని తోసుకుని లీలమ్మ పక్కకు చేరాడు. "గిది బయట పెడ్తరానే?" అని భార్య దగ్గర గొణిగాడు.

"అందరికి కనపడే చోట పెడ్తే ఎవ్వరు అడగరని పొద్దుగాల ఫోన్ల నువ్వే గొప్పలు జెప్తివి గద."

జిలేబీ ఆమె చేతిలో పెట్టి, సుద్దముక్క అందుకుని అడుగున రాశాడు. "ఆరు, అబ్రహాము వచ్చిండు. ఇగ అడగడు."

లీలమ్మ చదివి, దాని కింద ఇంకో వరుస చేర్చింది. "సోమారం చూద్దం."