కాశీలో వదిలిన వంకాయ

ఆ ఆదివారం పొద్దున ఉమామహేశ్వరమ్మ అనుకున్న పని చాలా చిన్నది. అయిదేళ్ల కూతురు ఓబుళమ్మను కాశీకి తీసుకుపోయి, పొద్దుగూకేలోపల ఆళ్లగడ్డకు తిరిగి తీసుకురావాలి. అంతకుముందు ఆదివారాల్లో నంద్యాల, ప్యాపిలి, కర్నూలు, మద్రాసు ఇలాగే తిప్పి తెచ్చింది. ఇన్ని ఊళ్లు తిరిగినా తల్లీ కూతుళ్లు వంటింటి గడప దాటింది లేదు.

సంగతేమంటే, ఓబుళమ్మ పెరుగన్నం తప్ప మరొకటి నోట పెట్టదు. పప్పు చూపిస్తే పరుగు, కూర చూపిస్తే ఏడుపు. రెండు గరిసెల నిండా ధాన్యం ఉన్న ఇంట్లో బిడ్డ పుల్లలాగా తయారైంది. అత్తగారు వెంకటమ్మ చూసి చూసి ఒక తీర్పు చెప్పింది. దొర్నిపాడులో ఆమె చెల్లెలి ఇంట్లో పంక్తి నిండా పిల్లలుంటారు. ఉగాదిలోపల బిడ్డ అందరిలాగా నాలుగు రకాలు తినడం నేర్చుకోకపోతే తీసుకుపోయి అక్కడ వదిలేస్తుంది. పక్క పిల్లలు తింటూ ఉంటే అదే తింటుంది. వెంకటమ్మ మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. ఉగాది చూస్తే దగ్గర పడుతోంది. బిడ్డ లేని ఇల్లు తలుచుకుంటేనే ఉమామహేశ్వరమ్మకు గుండె జారిపోయేది.

ఆ భయంలో పుట్టిందే పీట బస్సు. వంటింట్లో పొడుగు పీట వేస్తే అదే బస్సు. ఓబుళమ్మ కండక్టరు, చింతాకులు టిక్కెట్లు. బస్సు ఏ ఊళ్లో ఆగితే ఆ ఊరి వంట బిడ్డ చేతులతోనే చేయించాలి, దిగినవాళ్లు ఒక్క ముద్దన్నా తినాలి. నంద్యాలలో బొరుగుల ఉగ్గాని, ప్యాపిలిలో సజ్జరొట్టె, మద్రాసులో ఇడ్లీ తిన్నారు. కర్నూలు కొత్తగా రాజధాని అయింది కాబట్టి ఆ మర్యాదకు అక్కడ పాయసం. అన్నం తినమంటే పారిపోయే పిల్ల బస్సు ఎక్కమంటే పరుగెత్తుకొచ్చేది. అయితే ఊరికి ఒక ముద్దే. వెంకటమ్మ చూసి, ఊళ్లు పెరిగినాయి గానీ ఒళ్లు పెరగలేదని ఒక్క మాటతో కొట్టేసింది.

అందుకే ఈసారి కాశీ పెట్టుకుంది ఉమామహేశ్వరమ్మ. ఆ వీధిలో నిజంగా కాశీ చూసి వచ్చింది వెంకటమ్మ ఒక్కతే. అక్కడ పూరీలు, ఉర్లగడ్డ కూర తిన్నామని ఆమె ఇప్పటికీ చెప్పుకుంటుంది. అత్త కాశీలో బిడ్డ కడుపు నిండా తింటే అత్త మనసూ కరగకపోతుందా అని కోడలి ఆశ. ఆళ్లగడ్డలో ఉర్లగడ్డలు దొరకలేదు. పెనిమిటి చెన్నకేశవులును శనివారమే నంద్యాలకు తరిమింది. ఆయన రాత్రి అక్కడే ఉండి ఆదివారం మొదటి బస్సుకు రావాలి.

శనివారం సాయంత్రం ఓబుళమ్మ గోడ అవతలి రామమ్మకు, రేపు అమ్మా నేనూ జేజీ కాశీకి పోతున్నామని చెప్పింది. నాయనమ్మను ఆ బిడ్డ జేజి అనే పిలుస్తుంది. రామమ్మ నమ్మలేక గోడ మీదుగా తల పెట్టి అడిగింది.

"రేపు కాశీకి పోతాండారంట, నిజమేనా ఉమక్కా?"

పిండిలో చేతులు పెట్టుకుని ఉన్న ఉమామహేశ్వరమ్మ, బిడ్డ ఆట సంగతి చెప్పేసినట్టుందే అని నవ్వుకుంది.

"అవును. బిడ్డకు మాటిచ్చినా, పోకుంటే ఊరుకోదు. నువ్వూ రాకూడదా?"

రామమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రాత్రి దీపాలు పెట్టేసరికి వెంకటమ్మ కుటుంబం కాశీకి పోతోందనీ, వస్తామన్నవాళ్లనల్లా తీసుకుపోతోందనీ వీధి వీధంతా తెలిసిపోయింది.

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని పెద్దలు ఊరికే అనలేదు. తెల్లవారేసరికి వాకిట్లో జనం. టెంకాయలు పట్టుకొచ్చినవాళ్లు, గంగ తెమ్మని ఖాళీ చెంబులు పట్టుకొచ్చినవాళ్లు, మళ్లీ చూస్తామో లేదో అని ముక్కు చీదేవాళ్లు. రామమ్మ దారిబత్తెంగా జొన్నరొట్టెలు, గిన్నెడు గుత్తొంకాయ కూర తెచ్చింది. వెనక వీధి రంగయ్య తన తండ్రి అస్థికలు గంగలో కలపమని మట్టి ముంతకు గుడ్డ కట్టి తెచ్చాడు. ఇంట్లోకి తేకూడనిది కాబట్టి పశువుల కొట్టం చూరుకు వేలాడదీసి, ముసలాయన ఎవరినీ ఇబ్బంది పెట్టే మనిషి కాదని హామీ ఇచ్చాడు.

అందరికంటే ముందు అరుగు మీద కూర్చుని ఉంది కమలాక్షమ్మ. వెంకటమ్మది, ఆమెది పుట్టినూరు గోస్పాడే. ఇద్దరూ ఒకే మడి గట్ల మీద ఆడుకున్నవాళ్లు. డెబ్బై దాటిన ఆ ముసలామె తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టి, చిన్న మూట ఒళ్లో పెట్టుకుని ఉంది. ఇంట్లో కొడుకులకూ కోడళ్లకూ చెప్పాల్సినవన్నీ చెప్పి వచ్చేసింది. రమ్మన్నారంట గదా, నా జన్మకు ఇంతకంటే ఏం కావాలని అందరికీ చెబుతోంది.

ఆ మూట ఉమామహేశ్వరమ్మ కంట పడింది. ఇది పీట మీది కాశీ అని ఆ ముసలామెతో చెప్పడం ఎట్లా? వంటింట్లోకి పోయి అత్తకు ఉన్నదంతా చెప్పేసింది. వెంకటమ్మ నిలువునా మండిపడింది. ఊరంతా నవ్విపోతుందని, సాయంత్రమే బిడ్డను దొర్నిపాడు బస్సు ఎక్కిస్తానని అంది. ఉగాది దాకా ఉన్న గడువు సాయంత్రానికి వచ్చిపడింది.

అంతలో చెన్నకేశవులు ఉర్లగడ్డల సంచితో వీధి మలుపు తిరిగాడు. తన వాకిట్లో జనం. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. కొట్టం చూరుకు గుడ్డ కట్టిన ముంత వేలాడుతోంది. సంచి చేతిలోంచి జారింది. ఉర్లగడ్డలు వీధంతా దొర్లుతుంటే, ఆయన అమ్మా అని ఒకటే శోకం పెట్టి అరుగు మీద కూలబడ్డాడు. నిన్న మధ్యాహ్నం బాగున్న తల్లి రాత్రికి రాత్రి దహనం కూడా ఎట్లా అయిందని అడగడానికి ఆయనకు ఓపిక లేకపోయింది.

వెంకటమ్మ గడపలోకి వచ్చి నిలబడింది.

"ఏందిరా ఆ ఏడుపు? ఏరుకో ఆ ఉర్లగడ్డలు."

బతికున్న తల్లిని చూసి ఆయన ఇంకా గట్టిగా ఏడ్చాడు. కాశీకి పోయే తల్లి మీద కొడుక్కు ఎంత ప్రేమో అని జనం మెచ్చుకున్నారు.

ఇక పెద్దవాళ్లు నిజం ఎట్లా చెప్పాలా అని తన్నుకులాడుతుంటే, ఓబుళమ్మ పొడుగు పీటను ఈడ్చుకొచ్చి వసారా మధ్యలో వేసింది. వేళ్లు నోట్లో పెట్టి ఈల వేయబోతే గాలి మాత్రం వచ్చింది. కాశీ, కాశీ అని కేక పెట్టింది.

కమలాక్షమ్మ మూట పట్టుకుని లేచింది. బస్సు ఎక్కడుందని అడిగింది.

"ఇదే, అవ్వా. టిక్కెట్టు తీసుకో" అని ఓబుళమ్మ ఒక చింతాకు ఇచ్చింది.

ఉమామహేశ్వరమ్మ కళ్ల నీళ్లతో, బిడ్డకు తిండి అలవాటు చేయడానికి పెట్టుకున్న ఆట ఇదని, రమ్మన్నది కూడా ఆటకేనని చెప్పుకుంది. రామమ్మ తలవంచుకుంది. ముసలామె చింతాకును చాలాసేపు చూసింది. ఆ ముఖంలో ఏదో ఆరిపోయి, మళ్లీ మెల్లగా వెలిగింది.

"నడిచి పోలేను, రైలెక్కి పోలేను. ఇది నా ఎత్తుకు సరిగ్గా ఉండాది" అని, మూటతో సహా పీట మీద కూర్చుంది. "నాకు కిటికీ పక్కన సీటియ్యమ్మా."

ఆమె కూర్చున్నాక నవ్వే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఒక్కొక్కరే టిక్కెట్టు తీసుకున్నారు. పీట చాలక చాపలు పరిచారు. బస్సు నంద్యాల దాటింది, రైలు అయింది, కృష్ణ దాటింది. ఏ నది ఎప్పుడు వస్తుందో చెప్పాల్సిన పని వెంకటమ్మ మీద పడింది. కోపం దిగమింగి మొదలుపెట్టిన మనిషి, గోదావరి దగ్గరికి వచ్చేసరికి చేతులు తిప్పుతూ చెప్పసాగింది. వంటింట్లో ఉర్లగడ్డలు ఉడికాయి. వసారాలో కుంపటి మీది బాణలిలో మొదటి పూరీ పడింది.

పూరీ మెల్లగా పైకి తేలి, ఒక్కసారిగా గుండ్రంగా పొంగింది. ఆ వీధిలో చాలామంది దాన్ని చూడడం అదే మొదలు. ఓబుళమ్మ దగ్గరికి వచ్చి, తన చిన్న చేతులతో వత్తిన పిండి అదేనా అని నోరు తెరుచుకుని చూసింది.

"దీని లోపల ఎవరుండారమ్మా?"

రంగయ్యంతటివాడు కూడా తన విస్తట్లో పూరీని వేలితో పొడవడానికి కాసేపు జంకాడు. ఓబుళమ్మ పొడిచింది. ఆవిరి వచ్చింది. తినేసింది. ఇంకొకటి అడిగింది, ఉర్లగడ్డ కూరతో అదీ తినేసింది. కమలాక్షమ్మ చెంబులో నీళ్లు కళ్లకద్దుకుని, తల మీద చల్లుకుని, చాలా చల్లగా ఉందమ్మా గంగ అంది.

అంతా మంగళంగా ముగిసేదే. కానీ ఓబుళమ్మకు జేజి చెప్పిన ఇంకో మాట గుర్తొచ్చింది. కాశీకి పోయినవాళ్లు ఒక కూరో పండో అక్కడ వదిలేసి రావాలి, వదిలింది ఇక జన్మలో ముట్టకూడదు. వెంకటమ్మ వంకాయ వదిలి వచ్చింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో వంకాయ వండితే ఆమెకు వేరే కూర.

ఓబుళమ్మ పీట మీద నిలబడి చేతులు జోడించింది.

"నేను కాశీలో వంకాయ వదిలేస్తాండా. బీరకాయ, కాకరకాయ, పప్పు, సంగటి, అన్నీ వదిలేస్తాండా. పెరుగుబువ్వ ఒకటే ఇంటికి తెచ్చుకుంటా."

చాపల మీది జనం దండం పెట్టారు. ఇంత చిన్న వయసులో ఇంత వైరాగ్యమా అని ఒకామె కన్నీళ్లు పెట్టుకుంది. ఉమామహేశ్వరమ్మ గరిటె కింద పెట్టేసింది. కాశీలో వదిలింది తినమని ఇక ఏ నోటితో అడుగుతుంది? బిడ్డ దొర్నిపాడుకు పోవడం ఖాయమైపోయింది. తన కాశీ నియమాన్ని వెంకటమ్మ మాత్రం తానే ఎట్లా కాదంటుంది?

కమలాక్షమ్మ గొంతు సవరించుకుంది. ఇష్టం లేనివి వదిలితే కాశీ ఒప్పుకోదని, ప్రాణప్రదమైనదే వదలాలని చెప్పింది. అంటే వదలాల్సింది పెరుగన్నమే.

ఓబుళమ్మ పెదవి వణికింది. ఆలోచించింది. తలెత్తి చూసింది.

"మరి జేజికి వంకాయంటే ఇష్టమా?"

అందరూ వెంకటమ్మ వైపు తిరిగారు. వెంకటమ్మ గోదావరిని మళ్లీ ఎత్తుకోబోయింది. కమలాక్షమ్మ సాగనివ్వలేదు.

"దీనికా? గోస్పాడులో వంకాయ పెడితే గడ్డివామి ఎనక దాక్కునేది. ఎంకటీ, కాశీలో వదిలింది అదేనా నువ్వు?"

ఆ ఇంట్లో ఎదురులేని వెంకటమ్మ నేల చూపులు చూసింది. అది చెల్లదని, వదిలినదాన్ని తిరిగి తెచ్చుకోవాల్సిందేనని కమలాక్షమ్మ తేల్చింది. రామమ్మ, ఇంత చేసింది ఎట్లాగూ తానే కాబట్టి, గుత్తొంకాయ గిన్నె మెల్లగా ముందుకు జరిపింది.

వెంకటమ్మ కదల్లేదు. ఓబుళమ్మ జేజి పక్కన చేరి, ఆమె చెయ్యి పట్టుకుని, జాలిగానే చెప్పింది.

"తినుకో జేజీ. తినకుంటే దొర్నిపాడుకు పంపిస్తారు."

వెంకటమ్మ మనవరాలి ముఖం చూసింది. దొర్నిపాడు అన్న మాట ఆ బిడ్డ లోపల ఇన్నాళ్లూ ఎట్లా కూర్చుని ఉందో ఆమెకు అప్పుడు తెలిసింది. నా తల్లీ, నిన్ను యాడికీ పంపనే అని, కళ్లు మూసుకుని వంకాయ నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్లు తెరిచింది. మళ్లీ నమిలింది. ఆమె ముఖంలో కొడుకు పుట్టిననాడు కూడా అంత ఆశ్చర్యం ఎవరూ చూసి ఉండరు.

"ఇన్నేండ్లు ఇది తినకుండానా నేను బతికింది?" అంది నెమ్మదిగా.

జేజిని అంతగా కదిలించింది ఏమిటో చూడాలని ఓబుళమ్మ కూడా నోరు తెరిచింది. జేజీ మనవరాలూ ఒక ముద్ద నువ్వు, ఒక ముద్ద నేను అంటూ గిన్నె ఊడ్చేశారు. ఉమామహేశ్వరమ్మ తలుపు చాటుకు పోయి తృప్తిగా ఏడ్చుకుంది.

పొద్దుగూకేలోపల అందరూ క్షేమంగా కాశీ నుంచి ఇళ్లకు చేరారు. కమలాక్షమ్మ చింతాకు టిక్కెట్టును కొంగున ముడి వేసుకుని పోయింది. రంగయ్య మాత్రం, ఈ ఇంట్లో ప్రతి ఆదివారం ఏదో ఒక ఊరికి పోతూనే ఉంటారు కాబట్టి తొందరేమీ లేదని, తండ్రిని కొట్టం చూరుకే వదిలి వెళ్లాడు.