టోలు గేటు మేనల్లుడు

ఆ రోజు పొద్దున బెల్లంపల్లి క్వార్టర్లో ఉన్నది నలుగురు. బొగ్గుబావిలో పనిచేసే పర్శరాములు, ఆ పూట డ్యూటీకి పోలేదు. ఆయన భార్య స్వరూప, పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. తమ్ముడు వెంకటి, పాత కారు కొత్తగా కొన్నవాడు, దాన్ని తుడిచిందే తుడుస్తున్నాడు. ఇక పర్శరాములు కూతురు వనిత. పదో తరగతి పాసైంది గానీ కొత్తవాళ్లు ఎవరైనా మాట్లాడిస్తే తల్లి కొంగు వెనక్కి జరిగే పిల్ల.

కరీంనగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్ కాలేజీలో ఒకే ఒక్క సీటు మిగిలింది. పన్నెండు లోపల సర్టిఫికెట్లతో రావాలని, ఒక్క నిమిషం దాటినా తరువాతి పేరు పిలుస్తామని ఫోన్లో చెప్పారు. ఎనిమిదికి బయలుదేరితే పదిన్నరకే చేరతామని పర్శరాములు లెక్క. వనిత మాత్రం ఉప్మా తినేటప్పుడు కూడా ఫైలును ఒళ్లోంచి దించలేదు.

తొమ్మిదికి టోలు గేటు వచ్చింది. కారు ఆగింది గానీ గేటు లేవలేదు. అద్దానికి అంటించిన ఫాస్టాగులో పైసలు లేవు.

"మొన్ననే ఏసిన గదనే అన్నా!" అన్నాడు వెంకటి.

"మొన్నంటే ఎప్పుడురా?"

"బతుకమ్మకు."

అది జూన్ నెల.

"రెండింతలు కట్టుండ్రి" అన్నాడు కిటికీలోంచి టోలు మనిషి.

పక్క ఊళ్ల వాళ్లను ఊరికే వదులుతారని పర్శరాములు బావిలో ఎవరో అంటుంటే విన్నాడు. ఎదురుగా ఎర్రగుంటపల్లి రెండు కిలోమీటర్లు అని బోర్డు కనబడింది.

"మాది ఎర్రగుంటపల్లే. లోకల్" అన్నాడు.

టోలు మనిషి మొఖం వెలిగింది. అతని పేరు నిరంజన్. అతనిదీ అదే ఊరు. "గట్లనా! మరి ఎవలింటోళ్లు మీరు?"

ఆ దిక్కున రాజలింగు అనే మనిషి లేని ఊరు ఉండదు. ఆ ధైర్యంతోనే పర్శరాములు, "రాజలింగు ఇంటోళ్లం. మాకు మేనమామ" అనేశాడు.

నిరంజన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పెద్దనాయిన పోయి ఇయ్యాళ్టికి పదకొండొద్దులు. నీకు కబురెట్ల ముట్టిందే బావా? భీవండి పోయిన మేనత్త కొడుకువే గదా నువ్వు?"

నలభై ఏళ్ల కింద మగ్గాల పనికి మహారాష్ట్రలోని భీవండి వెళ్లిన ఆ మేనత్తను గానీ, ఆమె కొడుకును గానీ ఊళ్లో మళ్లీ ఎవరూ చూడలేదు. పర్శరాములు తల ఊపాడు. అవునని ఊపాడో కాదని ఊపాడో ఆయనకే తెలియదు. నిరంజన్ గేటు లేపి, డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి, వచ్చి కార్లో వనిత పక్కన కూర్చున్నాడు.

"బాపూ, కాలేజి..." అంది వనిత, తనకే వినపడనంత మెల్లగా.

"ఐదు నిమిషాలు బిడ్డా. మొఖం జూపెట్టి పోదాం."

ఊళ్లో టెంటు వేసి ఉంది. కారు దిగీ దిగకముందే రాజలింగు భార్య నాగవ్వ స్వరూపను వాటేసుకుని శోకం అందుకుంది. స్వరూప మొదట బెదిరింది. తరువాత తానూ అందుకుంది. భీవండి కోడలిది మంచి గొంతు అని నలుగురూ మెచ్చుకున్నారు. నిజం చెప్పే వీలు అక్కడితో పోయింది.

రాజలింగుకు పిల్లల్లేరు. మేనల్లుడు దొరికాడు గనుక పోయినాయన పేరున పిట్టకు పెట్టే పని కూడా అతని మీదే పడింది. విస్తరిలో అన్నం, కోడికూర పెట్టుకుని పర్శరాములు పొలం గట్టున నిలబడ్డాడు. కాకి వచ్చి ముట్టేదాకా ఊళ్లో ఎవరూ తినకూడదు. చెట్టు మీద ఐదు కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు.

పది దాటింది.

"ఏందో కోరిక మిగిలినట్టుంది. పెద్దవ్వ ఫికరే గావచ్చు. జర మాటియ్యి బావా" అన్నాడు నిరంజన్.

"మామా, అత్తను మంచిగ జూస్కుంటం" అన్నాడు పర్శరాములు కాకులతో.

కాకులు కదల్లేదు.

"యాడ జూస్కుంటవు? గది జెప్పు!" అని వెనక నుంచి ఒక ముసలాయన అరిచాడు.

"మా ఇంటికే తీస్కపోతం."

ఒక కాకి ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మ మీదికి మారింది. జనంలో ఆశ పుట్టింది.

"ఎన్నొద్దులకు?"

"ఆమె ఉన్నన్నొద్దులు."

స్వరూప శోకం ఆపి భర్త వైపు చూసింది. వెంకటి అన్న చెవిలో, "కారు పేరెత్తకు" అన్నాడు.

పదిన్నర దాటింది. అక్కడి నుంచి కరీంనగర్‌కు గంట పైనే పడుతుంది. వనిత తల్లి కొంగు వదిలింది. ఫైలు పట్టుకుని విస్తరి ముందుకు నడిచింది.

"తాతా, మేం నీకు ఏం గాము. టోలు కట్టద్దని బాపు అబద్ధమాడిండు. నాకు పన్నెండింటికి కాలేజున్నది. జర ముట్టు."

ఐదు కాకులూ దిగాయి.

పర్శరాములును కొట్టాలా, అన్నం తినాలా అని ఊరంతా ఒక్క క్షణం ఆలోచించింది. పొద్దటి నుంచి ఎవరూ మెతుకు ముట్టలేదు. అందరూ అన్నం దిక్కే పోయారు. నిరంజన్ మాత్రం రెండింతల టోలు అక్కడే వసూలు చేసి, "రసీదు గావాల్నా సార్?" అని అడిగాడు. బావా అనలేదు.

నలుగురూ కారు దగ్గరికి ఉరికేసరికి ముందు సీట్లో నాగవ్వ కూర్చుని ఉంది. ఒళ్లో బట్టల మూట.

"అవ్వా, నేను నీ మేనల్లుణ్ణి గాదు. మా పిల్ల చెప్పింది గదా" అన్నాడు పర్శరాములు.

"ఇన్న. మేనల్లుడివి గాకపోతే గాకపోతివి. ఆయన ముంగట మాటైతే ఇచ్చినవు గద? పిట్ట సుత ముట్టె. బండి తియ్యుండ్రి, పిల్లకు టైమైతుంది."

పన్నెండుకు మూడు నిమిషాలుండగా అందరూ కాలేజీ వరండాలోకి వచ్చిపడ్డారు. అడ్మిషన్లు చూసే మమతారాణి మేడం గోడ గడియారం చూసి, ఫైలు తిరగేసి, "సీటు నీదే, లోపలికి రామ్మా" అంది. మిగతావాళ్లను బయటే ఉండమంది.

వనిత గడప దాటుతుంటే వెనక నుంచి నాగవ్వ గొంతు వినబడింది. "అయితే పిల్ల ఇగ ఈడనే ఉంటదన్నట్టు. మరి మీ ఇంట్ల దాని మంచం ఫ్యాను కిందుంటదా కొడుకా, కిటికి కాడుంటదా?"

పర్శరాములు నోరు తెరిచాడు. మేడం తలుపు మూసింది.