చక్రధరన్న నీడలో ఇరవై మూడు మంది

ఫ్లెక్సీలను తిట్టేవాళ్ళు కృతఘ్నులు! ఈ మాటకు ఎవరికి కోపం వచ్చినా సరే, వెనక్కి తీసుకునేది లేదు.

తిరుపతిలో బస్సు ఎక్కడ ఆగుతుందో రాసిన బోర్డు కనపడకుండా ఫ్లెక్సీ కట్టారని ఒకాయన గొణుగుతాడు. మలుపులో అడ్డంగా కట్టిన ఫ్లెక్సీ వల్ల ఎదురొచ్చే లారీ కనపడలేదని, మోకాలిచిప్ప పగిలిందని శ్రీకాళహస్తి నుంచి ఇంకొకాయన మంచం మీద పడుకుని ఏడుస్తాడు. అయ్యా, మోకాలు పోయిన మాట నిజమే. కానీ ఆ ఫ్లెక్సీలోని నాయకుడు రెండు చేతులూ జోడించి దండం పెడుతున్నది మీకే కదా? గెలిచిన తరువాత కూడా చేతులు దించని నాయకుణ్ణి మీరు ఇంకెక్కడైనా చూశారా?

అసలు ఫ్లెక్సీ గొప్పతనం కట్టినప్పుడు తెలియదు, విప్పినప్పుడు తెలుస్తుంది. పాతకాలపు గుడ్డ బ్యానరు ఒక్క వానకే పీలికలయ్యేది. గోడ మీది రాత సున్నం కొడితే పోయేది. ఫ్లెక్సీ అట్లా కాదు. అందులో ఉన్నాయన పదవి పోవచ్చు, పార్టీ మారవచ్చు. ఫ్లెక్సీ మాత్రం నానదు, చివకదు.

సత్యవేడు చుట్టుపక్కల ఏ పల్లెకైనా వెళ్ళి చూడండి. నూతన సంవత్సర శుభాకాంక్షల మీద వేరుశనక్కాయలు ఎండుతుంటాయి. హార్దిక స్వాగతం కింద బర్రెలు నెమరు వేస్తుంటాయి. మామిడికాయల లారీ మీద ఒక మాజీ మంత్రి వెల్లకిలా పడుకుని మద్రాసు దాకా పోతాడు. పెరట్లో ఆడవాళ్ళ స్నానాల దడికి కూడా ఆయనే దిక్కు. కాకపోతే మర్యాద తెలిసిన ఊళ్ళు కాబట్టి మొహం బయటికి తిప్పి కడతారు! ప్రజలకు ఇన్ని విధాల అక్కరకొచ్చిన నాయకులు వెనకటి కాలంలో ఉన్నారా?

ఈ సంగతి అందరికంటే ముందు బోధపడింది మునగపాళెం అంగన్‌వాడీ టీచరు కృపామణికి. మునగపాళెంలో రోడ్డు చెరువు కట్ట మీద పోతుంది, ఊరు కట్ట కింద ఉంటుంది. బస్సులో పోయేవాళ్ళకు ఊరి ఇళ్ళ కప్పులన్నీ కనిపిస్తాయి. కప్పుల కింద ఏముందో మాత్రం కనపడదు. ఆ కట్టను కొంచెం గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

కృపామణి కేంద్రంలో ఇరవై మూడు మంది పిల్లలు. పెంకుల కప్పు. ఒక తుఫానుకు సగం పెంకులు పోయాయి, మిగిలిన సగం ఎప్పుడు పోదామా అని చూస్తున్నాయి. చినుకు పడితే పిల్లలను ఒక మూలకు, పిండి బస్తాలను ఇంకొక మూలకు జరపడం కేంద్రం ఆయా నాగులమ్మ పని. వాన పెద్దదైతే రెండు మూలలూ తడిసేవి. అప్పుడు నాగులమ్మ బస్తాల మీద తాను కూర్చునేది, కృపామణి తన చీరకొంగు కింద పట్టినంత మంది పిల్లలను దాచేది.

కప్పు బాగుచేయించమని ఆమె నాలుగేళ్ళలో ఆరు అర్జీలు పెట్టింది. మొదటిది పోయింది. రెండోది దొరికింది కానీ మొదటిదాని నంబరు వేయలేదన్నారు. మూడోది మొదటిదాన్ని వెతకడానికి వెళ్ళి తిరిగి రాలేదు. నాలుగు, ఐదు జిల్లా దాకా వెళ్ళాయని విన్నాం. ఆరోదానికి మాత్రం జవాబు వచ్చింది, ఇంజనీరు వచ్చి చూస్తాడని.

ఇంతలో సూపర్వైజరు పంకజాక్షి వచ్చి చల్లగా ఒక మాట చెప్పిపోయింది. దీపావళి వానలు ముగిసేలోగా కప్పు సరికాకపోతే ఈ కేంద్రాన్ని కొత్తపాళెం కేంద్రంలో కలిపేస్తారట. ఆమె చెడ్డది కాదు, ఆమె పైన కూడా ఒక మేడమ్ ఉంది. కొత్తపాళెం మూడు కిలోమీటర్లు, మధ్యలో వానకు పొంగే వంక. మూడేళ్ళ బిడ్డ ఉప్మా కోసం వంక దాటి పోదు. ఈ సంగతి పంకజాక్షికి తెలుసు, కృపామణికి తెలుసు, బిడ్డలను ఇక్కడ దించి కూలికి పోయే తల్లులకు ఇంకా బాగా తెలుసు. కలపడమంటే మూసేయడమే.

కృపామణి భర్త జయరావు ఒకప్పుడు బోర్డులు రాసేవాడు. నాయుడుపేట దాకా అంగళ్ళ పేర్లన్నీ ఆయన చేతివే. ఫ్లెక్సీ మిషన్లు వచ్చి ఆయన కుంచెను మూలకు నెట్టాయి. ఇప్పుడు ఫ్లెక్సీలు కట్టడానికి నిచ్చెన ఎక్కేది కూడా ఆయనే. తన కూడు తీసినదాన్ని తన చేతులతోనే ఊరంతటికీ కనపడేటట్టు నిలబెట్టే భాగ్యం అందరికీ దొరుకుతుందా?

ఆ యేడు చక్రధరన్న పుట్టినరోజు వచ్చింది. చక్రధర్ మండలానికంతా అన్న, డెబ్బై ఏళ్ళ వాళ్ళకు కూడా అన్నే. ఆయన కోసం ముప్పై అడుగుల ఫ్లెక్సీ కట్టారు. పైన అన్న, కింద వరసగా ముప్పై ఒక్క మంది అభిమానుల తలలు. పుట్టినరోజు ముగియగానే జయరావు దాన్ని విప్పి, చుట్టి, భుజాన వేసుకుని అంగన్‌వాడీకి తెచ్చాడు. మిగిలిన పెంకులు కూడా దించేసి, వాసాల మీద పరిచి మేకులు కొట్టాడు. తెల్లవైపు పైకి ఉంటే ఎండ తగ్గుతుందని అన్న మొహం లోపలికి పెట్టాడు.

మరుసటి వానకు చుక్క కారలేదు. కృపామణి గోడకు ఆనుకుని కాసేపు కళ్ళు తుడుచుకుంది.

లాభం అక్కడితో ఆగిందా? లేదు! పిల్లలు వెల్లకిలా పడుకుని అభిమానుల తలలు లెక్కపెట్టడం నేర్చారు. పక్క ఊళ్ళలో పదికే తడబడుతుంటే మునగపాళెం పిల్లలు ముప్పై ఒకటి దాకా పోయారు. చిన్న లోపం ఒకటే. పదిహేడో తల మీద మేకు పడి చినిగిపోయింది. అందువల్ల పదహారు తరువాత పద్ధెనిమిది అనేవాళ్ళు. టీచరు దిద్దబోతే, ఆయన లేడు కదా అనేవాళ్ళు. లేని మనిషిని లెక్కలో వేయకూడదన్న ఇంగితం ఓటరు జాబితాలు రాసేవాళ్ళకే లేదు, మూడేళ్ళ పిల్లలకు వచ్చింది.

అప్పుడు దయచేశాడు ఇంజనీరు హరినాథ్. సరిగ్గా వాన పడుతుండగా వచ్చాడు. నాలుగు మూలలూ తిరిగి, నేల మీద అరచెయ్యి పెట్టి చూసి, కాగితం తీశాడు.

"లోపల యాడా తడి లేదు కదమ్మా. తడి లేని కప్పుకు ఎస్టిమేటు ఎట్లా రాసేది?" అన్నాడు.

"సార్, అది కప్పు కాదు. చక్రధరన్న."

"ఆయప్ప బాగానే ఆపుతా ఉండాడు కదా," అని, కప్పు తృప్తికరంగా ఉన్నదని రాసుకుని పోయాడు.

దీన్ని అన్యాయం అనకండి. ప్రజలు తమ ఇబ్బంది తామే తీర్చుకుంటే ప్రభుత్వానికి అంతకంటే తృప్తి ఏముంటుంది? ఆ కాగితంలో రాసిందీ అదే.

ఆ వారంలోనే మునిచంద్ర వచ్చాడు. ఆయన చక్రధరన్న యువసేనకు మునగపాళెం అధ్యక్షుడు, ఫ్లెక్సీలో ఏడో తల. పుట్టినరోజు నాటి ఫ్లెక్సీ ఇక్కడ ఉందని తెలిసి సంతోషించాడు. తలెత్తి చూశాక ఆ సంతోషం పోయింది. అన్న ఆకాశానికి వీపు పెట్టి ఉన్నాడు!

"అన్నను బోర్లా పడుకోబెట్టినారు జయన్నా. బతికుండే మనిషిని అట్లా పెడతారా?" అన్నాడు.

మొహం పైకి ఉంటే కట్ట మీద పోయే ప్రతి బస్సుకూ అన్న దండం పెడుతుంటాడు, పార్టీకి బలం అని కూడా చెప్పాడు. తిప్పకపోతే విప్పుకుని పోతామన్నది చెప్పకుండానే తెలుస్తోంది. కాబట్టి జయరావు మేకులన్నీ ఊడదీసి అన్నను వెల్లకిలా తిప్పాడు. లోపల తెల్లటి వెనకవైపు మిగిలింది. పిల్లల లెక్కలు ఆ రోజుతో ఆగిపోయాయి. వాన మాత్రం ఆగుతోంది, అది చాలుననుకుంది కృపామణి.

చాల్లేదు. స్థానిక ఎన్నికలొచ్చాయి. ఎన్నికలతో పాటు కోడ్ వచ్చింది. కోడ్ ఉన్నన్నాళ్ళు ప్రభుత్వ భవనాల మీద నాయకుల బొమ్మలు కనపడకూడదు. అందులోనూ చక్రధరన్న ఈసారి అభ్యర్థి. ఆ మధ్యాహ్నం కోడ్ అమలు చేసే తిరుమలయ్య జీపు కట్ట మీద పోతోంది. కింద ముప్పై అడుగుల పొడవున అభ్యర్థిగారు అంగన్‌వాడీ మీద పడుకుని ఆకాశానికి దండం పెడుతున్నాడు.

జీపు కిందికి దిగింది. నిచ్చెన వచ్చింది. ఇద్దరు మనుషులు సుత్తులు పట్టుకున్నారు. చెరువు మీద మబ్బు దిగి ఉంది, లోపల పిల్లలు నిద్రపోతున్నారు. నాగులమ్మ అప్పుడే బస్తాలు జరపడం మొదలుపెట్టింది.

కృపామణి నిచ్చెన దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. ఉద్యోగం పోతుందని భయం ఉంది. కానీ వంక అవతలి కొత్తపాళెం కళ్ళ ముందు ఉంది.

"సార్, మీ చేతిలో ఉండే కోడ్ కాగితంలో ఏమి రాసుండాదో ఒకసారి చదవండి," అంది.

తిరుమలయ్య కాగితం గౌరవించే మనిషి. చదివాడు. బొమ్మలను తొలగించవలెను, లేదా కనపడకుండా కప్పివేయవలెను.

"అయితే కప్పండి సార్."

తిరుమలయ్య ఆలోచించాడు. తొలగిస్తే దాన్ని చుట్టాలి, జీపులో వేయాలి, ఆఫీసులో దాచాలి, ఎన్నికలయ్యేదాకా ఎలుకలు కొట్టకుండా చూడాలి. కప్పితే ఒక్క సంతకం. ఫోను చేశాడు. మండలాఫీసు గదిలో సరికొత్త నీలం టార్పాలిన్లు ఉన్నాయి. వరద బాధితులకని వచ్చినవి. వరదలో వేస్తే తడిసి పాడవుతాయని జాగ్రత్తగా దాచి ఉంచారు.

గంటన్నరలో టార్పాలిన్ వచ్చింది. కప్పు మీద పరిచి, ఫ్లెక్సీలోంచి వాసాల్లోకి దిగేటట్టు బారెడు బారెడుకు మేకు కొట్టారు. గాలి లేస్తే అన్న చెవి కూడా కనపడకూడదని తిరుమలయ్య దగ్గరుండి చూశాడు.

పాఠకులారా, ఇక్కడ కొంచెం ఆగుదాం. ఇరవై మూడు మంది పిల్లలు తడుస్తున్నారని చెబితే నాలుగేళ్ళు పట్టింది, అప్పటికీ కాలేదు. ఒక మొహం కనపడుతోందంటే గంటన్నర. ప్రభుత్వం పని చేయదని మనం ఊరికే ఆడిపోసుకుంటాం. దేనికి పని చేస్తుందో తెలుసుకోకపోవడం మన తప్పు కాదా?

ఆ నెల రోజులూ మునగపాళెం అంగన్‌వాడీకి రెండు కప్పులు. దీపావళి వానలు దంచికొట్టాయి, కట్ట మీద బస్సులు ఆగిపోయాయి. కేంద్రంలో మాత్రం నేల పొడిగా ఉంది, పిండి బూజు పట్టలేదు. పంకజాక్షి వచ్చి చూసి ఎంతో సంతోషించి, కలిపే కాగితాన్ని సంచిలోంచి తీయకుండానే వెళ్ళింది.

ఎన్నికలు ముగిశాయి. చక్రధరన్న ఓడిపోయాడు. కోడ్ ఎత్తేసిన మరునాడే తిరుమలయ్య నిచ్చెనతో దిగాడు.

"సార్, వానలు ఇంకా పోలేదు," అంది కృపామణి.

"ఎన్నికలు అయిపోయినాయి కదమ్మా."

టార్పాలిన్ ప్రభుత్వ ఆస్తి, గదికి చేరాలి. మనుషులు పైకెక్కి లాగారు. మేకులు రెండింటికీ కలిపి కొట్టినవి కాబట్టి టార్పాలిన్‌తో పాటు చక్రధరన్న కూడా పీలికలై వచ్చాడు. ఫ్లెక్సీ మాత్రం ప్రభుత్వ ఆస్తి కాదు కాబట్టి ఆ పీలికలను నిజాయితీగా అక్కడే వదిలిపెట్టారు.

ఇంకొక ఫ్లెక్సీ తెచ్చుకోవచ్చు కదా అంటారు. ఎక్కడిది? ఓడిపోయిన నాయకుడికి పుట్టినరోజులు రావు. గెలిచినాయనవి గెలిచినాయన ఊళ్ళలోనే కడతారు, ఆ ఊళ్ళలోనూ బర్రెలు ఉంటాయి. జయరావు దించి పెట్టిన పెంకులు మళ్ళీ సర్ది, సందుల్లో తాటాకు దోపాడు. ఈ కప్పు పని కాక తనకు తెలిసిన బోర్డుల పనే మిగిలి ఉంటే ఎంత బాగుండునని, కప్పు మీద కూర్చుని మొదటిసారి పెళ్ళానికి వినపడేటట్టు అన్నాడు.

మొదట్లో ఫ్లెక్సీలను తిట్టేవాళ్ళు కృతఘ్నులని అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. ఆ పిల్లల మీద నాలుగేళ్ళలో ఎవరైనా నీడ పట్టారంటే అది ఆ ఫ్లెక్సీ ఒక్కటే. దాన్ని తిట్టడానికి నోరు రాదు. తిట్టవలసినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళకు ముప్పై అడుగుల బొమ్మ లేదు కాబట్టి మనకు కనపడరు.

మూడో రోజు వాన మళ్ళీ పట్టుకుంది. పంకజాక్షి వచ్చింది, ఈసారి కాగితం సంచిలోంచి తీసింది. కృపామణి తెల్లకాగితం తీసుకుని ఏడో అర్జీ రాయసాగింది. పంకజాక్షి ఆమె భుజం మీదుగా చదివింది. మా కేంద్రానికి వెంటనే ఒక ఎన్నిక మంజూరు చేయవలసిందిగా ప్రార్థన అని ఉంది.

"ఇదేంది కృపా? నువ్వు అడగాల్సింది కప్పు కదా?"

"కప్పు ఆరుసార్లు అడిగినాను మేడమ్. నేను అడక్కుండా వచ్చి కప్పు కప్పించింది ఎన్నికొకటే," అంది కృపామణి తలెత్తకుండా.

నాగులమ్మ గిన్నెలు పరుస్తోంది. బొమ్మలు పోయాయి కాబట్టి పిల్లలు వెల్లకిలా పడుకుని కారుతున్న చోట్లు లెక్కపెడుతున్నారు. పద్నాలుగు, పదిహేను, పదహారు, పద్ధెనిమిది. పదిహేడోది కృపామణి రాస్తున్న అర్జీ మీద పడుతోంది.